కోయాసాన్‌లో అత్తగారితో రెండు రోజులు

జపాన్‌లో తీర్థయాత్ర ఏమిటని మా అత్తగారు ఒసాకాలో రైలెక్కేదాకా అడుగుతూనే ఉన్నారు. గోకురాకుబాషిలో దిగాక, నిట్టనిలువు కొండను కేబుల్ కారులో ఐదు నిమిషాల్లో ఎక్కాం. తీరా చూస్తే కోయాసాన్ శిఖరం కాదు. సుమారు 800 మీటర్ల ఎత్తున, ఎనిమిది శిఖరాల నడుమ పళ్లెంలా పరుచుకున్న చిన్న ఊరు. ఆ శిఖరాలు తామర రేకులని అక్కడి వారి భావన. 816లో సాగా చక్రవర్తి ఈ చోటును కూకై అనే భిక్షువుకు ఇచ్చాడు. చైనాలో మంత్రయానమనే బౌద్ధ మార్గం అభ్యసించి వచ్చిన ఆయన ఇక్కడ షింగోన్ అనే బౌద్ధ శాఖకు మఠం నెలకొల్పాడు.

బస్సు మొదట న్యోనిన్‌దో దగ్గర ఆగింది. ఆడవాళ్ల మందిరమని అర్థం. 1872లో ప్రభుత్వం నిషేధం ఎత్తివేసేదాకా స్త్రీలు దీన్ని దాటి లోపలికి రాకూడదు. కూకై కన్నతల్లికీ మినహాయింపు లేదట. ఆమె కొండ కింద ఉండిపోతే కొడుకే నెలకు తొమ్మిదిసార్లు దిగివచ్చేవాడని స్థలపురాణం. ఆమె ఉన్న ఊరి పేరు కుదోయామా, అంటే తొమ్మిదిసార్ల కొండ. కొడుకును మెచ్చుకున్నాను గానీ నియమాన్ని మెచ్చుకోలేకపోయాను.

మర్నాడు తెల్లవారుజామున, బస చేసిన గుడిలో 'గోమా' చూశాం. భిక్షువు పుల్లలు పేర్చి నిప్పు రాజేసి, నూనె, గింజలు వేస్తూ మంత్రాలు చదివాడు.

"ఇది హోమమే కదా, అమ్మాయీ!" అన్నారు అత్తగారు.

మాట కూడా అదే, చైనా మీదుగా వెళ్లి అలా మారింది. వాళ్ల గురుపరంపరలో నాగార్జునుడూ ఉన్నాడు. దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపం తలుపులు తెరిచి ఆయన ఈ విద్యను అందుకున్నాడని గాథ. ఆ స్తూపం మన అమరావతిదేనని ఊహించిన పండితులున్నారు. ఋజువు లేదన్నాను. గుంటూరులో పుట్టిన ఆవిడకు ఋజువుతో పనేముంది?

తరువాత ఒకునోయిన్. దేవదారు చెట్ల కింద రెండు కిలోమీటర్ల దారి, రెండు లక్షలకు పైగా సమాధులు. పదహారో శతాబ్దపు యుద్ధప్రభువు నోబునాగాకూ, అతనిపై తిరగబడి చావుకు కారణమైన మిత్సుహిదెకూ ఇక్కడే స్మారకాలున్నాయి. చంపిన చెదపురుగుల కోసం కూడా ఒకటుంది! ఐదంతస్తుల సమాధి రాళ్ల మీద అ, వ, ర, హ, ఖ అని 'సిద్ధం' అనే పాత భారతీయ లిపిలో బీజాక్షరాలు: మన పంచభూతాలే.

835లో కూకై మరణించలేదనీ, దారి చివరి మందిరంలో ధ్యానంలో ఉన్నాడనీ నమ్మకం. రోజుకు రెండుసార్లు ఆయనకు భోజనం పంపుతారు. పదిన్నరకు పసుపు వస్త్రాల భిక్షువులు చెక్కపెట్టె మోసుకొస్తుంటే అత్తగారు చెప్పులు విడిచి పక్కకు జరిగారు. కింద రాళ్లు మంచులా ఉన్నాయి. వాళ్లు వంతెన దాటేదాకా మళ్లీ తొడుక్కోలేదు.