మాత్ర ఆపిన రాత్రి

చెట్టెక్కే మోకు తాడు జారి తాటిచెట్టు మీంచి పడ్డాను. మా గీత వృత్తిలో ఇది కొత్త సంగతేం కాదు. తెలంగాణ ప్రభుత్వం చెట్టు మీంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్షణ కిట్లు ఇవ్వడం 2024లో మొదలైంది, నేను పడింది అంతకుముందే. వీపులో టీ-10 అనే వెన్నుపూస విరిగింది. రాడ్లు వేశారు. బొడ్డు కింద స్పర్శ పోయింది.

మొదట్లో కాళ్లు ఎటు పెడితే అటే మెత్తగా పడి ఉండేవి. కొన్ని వారాలయ్యాక దుప్పటి లాగుతుంటే కుడికాలు ఎగిరిపడింది. "కాలొచ్చింది బిడ్డా!" అని అవ్వ ఏడ్చేసింది. వాడకట్టంతా చెప్పింది. వచ్చింది నడక కాదని ఫిజియో సార్ చెప్పినప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను. దెబ్బకు కింద వెన్నుపాము పనిచేస్తూనే ఉంటుందట, దాన్ని అదుపులో ఉంచే కబురే మెదడు నుంచి అందదట. అందుకే కాస్త తాకినా కండరాలు బిగుసుకుపోతాయి, కొట్టుకుంటాయి. దీని పేరు స్పాస్టిసిటీ. తొడలు రెండూ దగ్గరికి బిగిస్తే యూరిన్ పైపు పెట్టుకోవడానికే వీలయ్యేది కాదు. రోజూ కాళ్లు సాగదీయడం, కాళ్లకు ఊతంగా కట్టే కాలిపర్స్‌తో నిలబెట్టడం, బిగువు తగ్గించే బ్యాక్లోఫెన్ మాత్రలు. 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. పగలు మత్తుగా ఉన్నా రాత్రి నిద్ర పట్టేది.

ఆ మధ్య యూరిన్ ఇన్ఫెక్షన్‌తో జ్వరమొస్తే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. అక్కడి పెద్ద డాక్టరు నా చీటీ చూసి, "నడవని కాళ్లకు ఈ మాత్రలెందుకయ్యా, దండగ" అని పెన్నుతో కొట్టేశాడు. తమ్ముడు "సార్, అదీ..." అనేలోపే పక్క మంచం దగ్గరికి పోయాడు.

రెండో రాత్రి ఒళ్లంతా దురద. తర్వాత గుండెదడ, కాలిపోయేంత జ్వరం. కాళ్లు ఆగకుండా తన్నుకుని మడమ మంచం కడ్డీకి కొట్టుకుంది. నాకు తెలియలేదు, రక్తం చూసి తమ్ముడు అరిచాడు. ఎప్పుడో చనిపోయిన బాపు కిటికీ దగ్గర నిలబడి మోకు ఎక్కడని అడుగుతున్నాడు. నేను జవాబు కూడా చెప్పానట! ఇన్ఫెక్షన్ జ్వరమే, తడిగుడ్డ వేయమన్నారు ఆస్పత్రివాళ్లు. నైట్ డ్యూటీ సిస్టర్ ఒక్కతే, "ఇంట్లో ఏం మందులు వాడేవాళ్లు? ఏది ఆపారు?" అని అడిగింది. పాత చీటీ పట్టుకెళ్లి డ్యూటీ డాక్టరును లేపింది. మాత్ర మళ్లీ మొదలయ్యాక, మర్నాటికి నెమ్మదించింది.

బిల్లులో ఆ పెద్ద డాక్టరు విజిటింగ్ ఫీజు ఏ రోజుదీ మానలేదు. ఇప్పటికీ కడుపు మండుతుంది. సిస్టర్ పేరు కూడా అడగలేదు మేము. ఆమెను మా గీతవాళ్ల దేవుడు కాటమయ్యే పంపాడంటుంది అవ్వ, నేను కాదనను.

బ్యాక్లోఫెన్ వాడేవాళ్లకు ఒక్క మాట. ఎవరు చెప్పినా ఒక్కసారిగా ఆపకండి, ప్రాణం మీదికొస్తుంది. తగ్గించాలంటే మెల్లగానే తగ్గించాలి. కాళ్లు ఉన్నట్టుండి ఎక్కువ కొట్టుకుంటే మాత్ర పెంచమని అడిగేముందు యూరిన్, మలబద్ధకం, పిరుదుల మీద పుండ్లు, కాలివేళ్ల గోళ్లు చూసుకోండి. మనకు తెలియని నొప్పి అలా బయటపడుతుంది.

తొడలకు బిగువు తగ్గించే బొటాక్స్ ఇంజెక్షన్ వేస్తే దాదాపు మూడు నెలలు సుఖంగా ఉంది, మళ్లీ వేయించే స్తోమత లేదు. తర్వాత అదే పనికి చవకలో ఫినాల్ అనే మందు ఇంజెక్షన్ చేశారు. మొన్న రీహాబ్ డాక్టరుగారు మాత్ర ఇంకాస్త పెంచుదామా అంటే పగలు వద్దన్నాను. మంచం మీంచి కుర్చీలోకి మారేటప్పుడు ఆ బిగువే కాళ్లకు కాస్త ఊతం. రాత్రి డోసు మాత్రం అలాగే ఉంచారు.