యశోద ఆశ్చర్యం ఆడేటప్పుడు

నోరెళ్లబెట్టడం, ముక్కున వేలేసుకోవడం: ఆశ్చర్యానికి మనం రోజూ వాడే ఈ రెండు మాటలూ అచ్చంగా అభినయమే. కూచిపూడి నేర్చుకునేవాళ్లు ఈ రెండూ కలిపి, కళ్లు ఇంతింత చేసి, అద్భుత రసం, అంటే ఆశ్చర్యం, వచ్చేసిందనుకుంటారు. చూసేవాళ్లకు మాత్రం దెయ్యాన్ని చూసినట్టుంటుంది.

అద్భుతానికీ, భయాన్ని చూపే భయానక రసానికీ నాట్యశాస్త్రం చెప్పిన చూపులు చాలా దగ్గరివి. రెండింటిలోనూ నల్లగుడ్లు పైకి లేస్తాయి. భయానకంలో రెప్పలు బిగుసుకుంటాయి, గుడ్లు అదురుతాయి. అద్భుతంలో రెప్పవెంట్రుకల కొసలు కాస్త వంగుతాయి, కంటి కొసలు విచ్చుకుంటాయి, చూపు సౌమ్యంగా ఉంటుంది. కీలకం ఆ సౌమ్యమే. అద్దం ముందు కింది రెప్ప ఒకసారి బిగించి, ఒకసారి వదిలి చూడండి, తేడా తెలిసిపోతుంది. భుజాలు లేచినా, మెడ నరాలు తేలినా మళ్లీ భయమే.

పోతన భాగవతంలో మన్ను తిన్న ఘట్టం తీసుకోండి. యశోద వచ్చేది కోపంతో. ఎడమచేత్తో పిల్లాడి గడ్డం పట్టుకుని, కుడి చూపుడువేలు ఆడిస్తూ ఉంటుంది. నోట్లో బ్రహ్మాండం కనపడగానే ఆ వేలు దించకూడదు, అక్కడే ఆగిపోవాలి. మనసులోని భావం ఒంటి మీద తేలే ఎనిమిది సాత్త్విక భావాల్లో స్తంభం, అంటే కొయ్యబారిపోవడం, ఇదే. ఊపిరి సగం పీల్చి ఆపండి, ఆ తర్వాతే కనుబొమలు. చాలామంది కనుబొమలతో మొదలుపెడతారు, అందుకే అతికించినట్టుంటుంది.

ముక్కున వేలు ఇక్కడ పనికిరాదు. అది పక్కవాళ్లతో 'చోద్యం కాకపోతే!' అనుకునే ఆశ్చర్యం, గోపికలకు సరిపోతుంది. యశోద ఇక్కడ పక్కవాళ్లతో మాట్లాడటం లేదు.

తర్వాత 'కలయో, వైష్ణవ మాయయో' పద్యం. మత్తేభం, నాలుగే పాదాలు, నిండా ప్రశ్నలు. ఒక్కోదానికీ ఒక్కో ముఖం పెడితే క్విజ్ పోటీలా తయారవుతుంది. అనుమానం ఎటు నడుస్తోందో చూడండి: ఇది కలా, మాయా అని మొదలై, అసలు నేను యశోదనేనా అని తన మీదికే వస్తుంది. చూపు కూడా అలాగే నోట్లోంచి మెల్లగా తన చేతుల మీదికి రావాలి. 'బాలకుఁడెంత' దగ్గర మాత్రం తిరిగి పిల్లాడి మీదికి. కొలత చూపే చెయ్యి మోకాలి ఎత్తు దాటకూడదు. కన్ను ఆ చేతివైపు పోయిందా, అప్పటిదాకా కట్టిందంతా జారిపోతుంది.