మంగలికత్తితో ఎనిమిది నెలలు

నోట్‌బుక్ మొదటి పేజీలో ఇలా ఉంది: "35 నిమిషాలు. మూడు గాట్లు. మెడ జోలికి పోలేదు." ఎనిమిది నెలల కిందటి రాత అది. ఇవాళ పొద్దున రాసింది: "14 నిమిషాలు. గాట్లు లేవు. చుబుకం కింద కొద్దిగా లాగింది." ఈ రెండు రాతల మధ్య నేర్చుకున్నదానికంటే చేసిన పొరపాట్లే ఎక్కువ. వాటినే వరసగా పెడుతున్నాను.

కొనేముందు

ఇక్కడ మంగలికత్తి అంటే అసలు కత్తే, సగం బ్లేడు దూర్చి వాడే షావెట్ కాదు. షావెట్‌తో చెయ్యి తిప్పడం వస్తుంది గానీ పదును కాపాడుకోవడం రాదు. ఈ సరదాలో సగం అదే కదా. పైగా షావెట్ మరీ తేలిక, చెయ్యి కాస్త తడబడినా వెంటనే తెగుతుంది. నేను వారం వాడి పక్కన పెట్టేశాను.

కత్తి వెడల్పుని, అంటే వెన్ను నుంచి అంచు దాకా, అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెబుతారు. 4/8 సన్నది, 7/8 పెద్దది. నా మనసంతా 7/8 మీదే ఉండేది, ఫొటోల్లో రాజసంగా కనిపిస్తుంది మరి. కానీ ముక్కు కింద మీసం అంచులు దిద్దాలంటే వెడల్పు కత్తి ముక్కుకి అడ్డమొస్తుంది. 5/8 తీసుకున్నాను. మొన గుండ్రంగా ఉన్నదే ఎంచుకున్నాను. పలకగా, సూటిగా ఉన్న మొన చెవి పక్కన గీత దిద్దడానికి బాగుంటుంది, కొత్త చేతికి మాత్రం చెవినే దిద్దుతుంది.

ఇక గుల్ల సంగతి. కత్తిని అడ్డంగా కోసి చూస్తే రెండు పక్కలా లోపలికి తొలిచినట్టు ఉంటే హాలో గ్రైండ్. పూర్తిగా తొలిస్తే ఫుల్ హాలో: అంచు కాగితంలా పలచన, గడ్డం మీద నడుస్తుంటే సన్నగా గరగరమని మోగుతుంది. ఆ చప్పుడుతోనే ఎక్కడ తెగుతోందో, ఎక్కడ జారుతోందో తెలిసిపోతుంది. తొలచకుండా వెన్ను నుంచి అంచు దాకా గూటంలా దిగితే వెడ్జ్: బరువు, గట్టి గడ్డానికి భేషుగ్గా ఉంటుంది, రాయి మీద మాత్రం చుక్కలు చూపిస్తుంది. నాది ఫుల్ హాలో, జర్మనీలోని జోలింగెన్‌లో చేసిన కార్బన్ స్టీల్ కత్తి. స్టెయిన్‌లెస్ అయితే తుప్పు బాధ తక్కువ, సాన పట్టడానికి ఓపిక ఎక్కువ కావాలి. కార్బన్ దానికి సరిగ్గా తలకిందులు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. కొత్త కత్తి పెట్టెలోంచి తీయగానే గడ్డానికి పనికొస్తుందన్న నమ్మకం లేదు. చాలావాటికి పైపై పదునే ఉంటుంది. మొదటి కత్తిని చేయి తిరిగినవాళ్లతో సాన పట్టించుకుని మొదలుపెట్టాలి. లేకపోతే అసలు పదునంటే చర్మం మీద ఎలా ఉంటుందో తెలియకుండానే నెలలు గడిచిపోతాయి.

మొదటి మూడు వారాలు

మొదటి వారం రెండు చెంపలే, మిగతాది మామూలు రేజర్‌తో. చర్మానికి కత్తి సుమారు 30 డిగ్రీలు వాలి ఉండాలి. వెన్ను ఇంకా పైకి లేస్తే కోస్తుంది, మరీ పడుకోబెడితే వెంట్రుకల్ని పీకుతుంది. రెండో చెయ్యి పని చర్మాన్ని బిగబట్టడం. నాకు ఇదే ఆలస్యంగా ఎక్కింది. అంతా కత్తి పట్టిన చేతిలోనే ఉందనుకున్నాను. గడ్డం వాలుకే గీయాలి. ఎదురు వాలుకి వెళ్లడం నేను నాలుగో నెలలో గానీ మొదలుపెట్టలేదు. కత్తిని పక్కకి మాత్రం ఎప్పుడూ జరపకూడదు, పడిన మూడు గాట్లలో రెండు అలా పడ్డవే. పటిక ముక్క చేతికందేలా పెట్టుకోండి.

మూడో వారానికి కత్తి లాగడం మొదలైంది. కత్తి మంచిది కాదేమో అని అనుమానం. మర్నాడు సబ్బు మీద అనుమానం. అసలు దోషం తోలుపట్టీ దగ్గర ఉంది, దాన్ని పట్టుకోవడానికి ఇంకో పది రోజులు పట్టింది.

గీసుకునే ప్రతిసారీ ముందు కత్తిని పట్టీ మీద ఆడించాలి. నేను గుడ్డ వైపు 20 సార్లు, తోలు వైపు 50 సార్లు ఆడిస్తాను. వెన్ను ముందు, అంచు వెనక. చివరికి వెళ్లాక కత్తిని వెన్ను మీదే దొర్లించి తిప్పాలి, వెన్ను తోలుని వదలకూడదు. నేను వేగం కోసం తిరిగేముందే చెయ్యి వెనక్కి లాగేస్తున్నాను. అంటే ప్రతి మలుపులోనూ అంచు తోలుని రాసుకుంటోంది. పట్టీ కూడా వదులుగా పట్టుకున్నాను, అది కత్తి కింద ఉయ్యాలలా వంగి అంచుని గుండ్రం చేసేసింది. మా ఆవిడ స్నానాల గది బయటి నుంచి, "ఆ టపటపలేంటండీ, చపాతీలు చేస్తున్నారా?" అంది. నిజమే, టపటప రాకూడదు. సరిగ్గా ఆడిస్తే మెత్తగా జర్రుమని లాగిన చప్పుడే వస్తుంది. పట్టీని బిగించి, సగం వేగంతో రెండు వారాలు చేశాక గాని చెయ్యి దారికి రాలేదు. పట్టీ మీద పడిన రెండు కోతలు ఇప్పటికీ ఉన్నాయి. సన్నటి ఎమెరీ కాగితంతో వాటి అంచులు సాపు చేసి అదే వాడుతున్నాను.

రెండో నెల: కుళాయి

కడుగుతుంటే మొన కుళాయికి తగిలింది. టింగ్ మని చిన్న చప్పుడు. భూతద్దంలో చూస్తే మొన దగ్గర అరమిల్లీమీటరు పెచ్చు ఊడిపోయింది. (చేతిలోంచి జారితే పట్టుకోబోవద్దు. కత్తి పోతే పోయింది.) అలా రాళ్ల లోకంలోకి అడుగు పెట్టాల్సి వచ్చింది.

నా వరస 1000, 4000, 8000, 12000. అంకె పెరిగే కొద్దీ రాయి నునుపు. అన్నీ నీళ్లతో వాడే రాళ్లు. ముందు రాయి చదునుగా ఉండాలి. రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, వజ్రపు పొడి పలకతో రుద్దాలి. గళ్లన్నీ ఒకేసారి చెరిగిపోతే చదును, మధ్యలో మిగిలితే గుంట.

మంగలికత్తికి ఒక సుఖం ఉంది. వంటింటి కత్తిలా కోణం పట్టుకోవాల్సిన పని లేదు. వెన్ను, అంచు రెండూ రాయికి ఆనించి తోస్తే వెన్ను మందమే కోణాన్ని నిర్ణయిస్తుంది. వెన్ను అరగకుండా కొందరు ఎలక్ట్రికల్ టేప్ ఒక వరస చుడతారు. నేనూ చుడతాను, చిరిగేలోపే మారుస్తాను.

మొదటి రోజు 1000 రాయి మీద గంటన్నర. ఏమీ మారలేదు. అప్పుడు మార్కర్ పెన్ను తీశాను. అంచు పొడవునా, రెండు పక్కలా, సన్నటి నల్ల గీత పూసి రాయి మీద రెండే రెండు సార్లు తోసి వెలుతురులో తిప్పి చూశాను. మధ్యలోనూ మొన దగ్గరా నలుపు పోయింది. మడమ దగ్గర, అంటే అంచుకి పిడి వైపు కొసన, వేలెడు పొడవున చెక్కు చెదరలేదు. కత్తి వంకరపోయిందని గుండె జారింది. తీరా చూస్తే పిడి దగ్గర దళసరిగా ఉండే భుజం రాయి అంచు మీదకి ఎక్కుతోంది, దాంతో మడమ గాల్లో తేలుతోంది. కత్తిని అర అంగుళం ముందుకి జరిపాను. మళ్లీ పూత, మళ్లీ రెండు తోపులు. ఈసారి మడమ దగ్గరా నలుపు పోయింది, కానీ సరిగ్గా అంచు మీద, వెంట్రుకంత మందాన, ఒక నల్ల గీత మిగిలింది. రాయి అంచు పక్కనున్న ఏటవాలు భాగాన్ని తాకుతోంది కానీ అంచు దాకా చేరడం లేదన్నమాట. ఆ గీత పొడవంతా పోయేదాకా 1000 వదిలి ముందుకెళ్లకూడదు. ఇది తెలియకుండా 12000 దాకా వెళ్తే అద్దంలా మెరిసే మొండి కత్తి తయారవుతుంది. నా దగ్గర రెండు రోజులు అలాంటిదే ఉంది.

ఇంకో పరీక్ష వెలుతురు. అంచుని పైకి పెట్టి దీపం కింద నిట్టనిలువుగా చూస్తే ఏమీ కనిపించకూడదు. తళుక్కుమని ఎక్కడ మెరిస్తే అక్కడ మొండి. తలవెంట్రుకని అంచు మీద వేలాడదీసి తెంపే పరీక్ష నాకు కలిసిరాలేదు. వెంట్రుకని బట్టి, అది కడిగిందా లేదా అన్నదాన్ని బట్టి ఫలితం మారుతోంది.

పెచ్చు పోయింది, పదును వచ్చింది, అయినా గడ్డం మంటెత్తింది. ఎంత గట్టిగా నొక్కుతున్నానో చూద్దామని రాయిని వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి, అంకెని సున్నా చేసి తోశాను. 12000 రాయి మీద 400 గ్రాములు! మొత్తం కత్తి బరువు 48 గ్రాములు. ఆఖరి తోపుల్లో కత్తి బరువు తప్ప ఇంకేమీ పడకూడదు, పలచటి అంచు నొక్కితే వంగిపోతుంది. వారం రోజులు కాటా మీదే చేశాను. అంకె 60 దాటకుండా 30 తోపులు వేయగలిగిన రోజు గడ్డం మంట లేదు. ఆ చెయ్యే చెంప మీదకీ వచ్చింది, పట్టీ మీదకీ వచ్చింది.

నాలుగో నెల: పాత షెఫీల్డ్

ఒక్క కత్తితో ఆగినవాడు లేడంటారు. నేనూ ఆగలేదు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఊళ్లో చేసిన పాత కత్తి కొన్నాను: 6/8, దాదాపు వెడ్జ్, కొమ్ము పిడి. తోక (కత్తికి అంచు లేని వెనక భాగం) మీద "కాస్ట్ స్టీల్" అని ముద్ర ఉంది. షెఫీల్డ్‌లో 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ మూసల్లో ఉక్కు కరిగించే పద్ధతి కనిపెట్టాక వాడుకలోకి వచ్చిన మాట అది. నా కత్తి మీద "ఇంగ్లండ్" అన్న ముద్ర లేదు. అమెరికా 1890లో మెకిన్లీ సుంకాల చట్టం తెచ్చి, దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని పట్టుబట్టింది. అందుకని దేశం పేరు లేకపోతే అంతకుముందుది కావచ్చు. కావచ్చు, అంతే. అమెరికాకి పంపని సరుకు మీద పేరు వేయాల్సిన అవసరం లేదు.

పాతది కొనేటప్పుడు వయసు కంటే అంచు ముఖ్యం. వెన్ను వైపు మచ్చలు, నలుపు ఉంటే ఉండనివ్వండి. అంచుకి దగ్గర్లో తుప్పు గుంటలుంటే వదిలేయండి, అరగదీసే కొద్దీ ఆ గుంటలే అంచులోకి వస్తాయి. అంచు మధ్యలో లోపలికి వంగి ఉంటే ఎవరో ఇష్టం వచ్చినట్టు అరగదీశారని అర్థం. కొద్దిగా బయటికి ఉబ్బి ఉంటే మంచిదే. వెన్ను ఒక పక్కే వెడల్పుగా అరిగిందేమో చూడాలి. పిడి సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) అయితే ఇంకా జాగ్రత్త. అది పాతబడి కుళ్లితే విడుదలయ్యే ఆవిరి తన కత్తినే కాదు, పక్కనున్న కత్తులకీ తుప్పు పట్టిస్తుంది.

ఆరో నెల: తుప్పు

పది రోజులు వానలు, స్నానాల గదిలో తేమ. జోలింగెన్ కత్తి మీద, పిడి లోపలికి వెళ్లే చోట, ఆవగింజంత ఎర్ర మచ్చ. మెటల్ పాలిష్‌తో పోయింది, లోపలి వైపు చిన్న గుంట మాత్రం మిగిలింది. నీళ్లు చేరేది కత్తిని పిడికి బిగించే మేకు దగ్గరే. నేను మొత్తం కత్తిని కుళాయి కింద పెట్టేవాణ్ణి. ఇప్పుడు అంచు భాగం మాత్రమే కడుగుతాను, టిష్యూతో వెన్ను నుంచి అంచు వైపుకి తుడుస్తాను, ఇంకో టిష్యూని పేలికలా మెలిపెట్టి పిడి రెండు పలకల మధ్య నుంచి లాగుతాను. గుడ్డ వైపు పది సార్లు ఆడించి ఆరబెడతాను. రెండు రోజుల కంటే ఎక్కువ వాడనప్పుడు మినరల్ ఆయిల్ ఒక చుక్క. వంటనూనె వద్దు, జిగురవుతుంది. తోలు సంచిలో దాచడం కూడా మానేశాను, తోలు తేమని పట్టుకుంటుంది. కత్తులు ఇప్పుడు పడగ్గది బీరువాలో, తెరిచిన చెక్కపెట్టెలో ఉంటున్నాయి.

ఇప్పుడు

జోలింగెన్ కత్తి 12000 రాయి చూసి 41 గడ్డాలైంది. మూడు రోజులుగా చుబుకం కింద లాగుతోంది. చెంపల మీద ఇంకా హాయిగానే నడుస్తోంది, పట్టీ ఎక్కువసార్లు ఆడించినా తేడా లేదు. ఈ ఆదివారం 12000 మీద పాతిక తోపులు వేస్తాను, కింద కాటా పెట్టుకునే. షెఫీల్డ్ కత్తి మడమ దగ్గర మార్కర్ గీత ఇంకా పూర్తిగా పోలేదు.