తాళం తీసిన ఫోను

ఆదివారం, కడప

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అన్న కొడుకు ఊడిపడ్డాడు, వెంట హాస్టల్ మిత్రుడు. "అత్తా, ల్యాప్‌టాప్ ఒక గంట ఇస్తావా?" అన్నాడు. ఫోను బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తాడట. ఫోను ఆన్ కాగానే ముందుగా నడిచి, కంపెనీది కాని సాఫ్ట్‌వేర్‌ను ఎక్కనివ్వకుండా కాపలా కాసేది బూట్‌లోడర్; దాని తాళం తీయడమే ఈ అన్‌లాక్. కంపెనీకి దరఖాస్తు పెట్టి, వాళ్లు ఆగమన్నన్ని రోజులూ ఆగి మరీ వచ్చాడు. చదువు దగ్గర వీడిలో ఇంత ఓపిక నేనెన్నడూ చూడలేదు.

ఎందుకురా అంటే ప్రకటనల బెడద, తీసేయడానికి వీల్లేని యాప్‌లు, ఆగిపోయిన అప్‌డేట్లు అన్నాడు. న్యాయమే. డబ్బు పోసి కొన్న ఫోనులో నచ్చిన సాఫ్ట్‌వేర్ వేసుకోనివ్వాలనే నేనూ అంటాను. "మరి ఫొటోలు వేరేచోట దాచుకున్నావా?" అంటే తెల్లమొహం వేశాడు. అన్‌లాక్‌కు సరేనని బటన్ నొక్కగానే ఫోనులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. దొంగ చేతిలో పడ్డ ఫోను నుంచి మన సమాచారం బయటికి పోకూడదని కావాలని పెట్టిన ఏర్పాటు అది.

మిత్రుడు తన ఫోను తాళం ఎప్పుడో తీసేసుకున్నాడు. ఒకసారి ఆపి వేయమన్నాను. నల్లటి తెర మీద ముందుగా హెచ్చరిక వచ్చింది: బూట్‌లోడర్ తెరిచి ఉంది, ఈ ఫోనులోని సమాచారానికి భద్రత లేదు అని. కొన్ని సెకన్లు అక్కడే నిలబడి, ఆ తర్వాతే కదిలింది. ఆన్ చేసిన ప్రతిసారీ ఇదే తంతు.

తెర మీది మాటలను చూసీ చూడనట్టు వదిలేయవచ్చు. బ్యాంకు యాప్‌లు అలా వదలవు. గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ అనే తనిఖీ ద్వారా ఫోను సంగతి అడిగి తెలుసుకుంటాయి. తాళం తీసి ఉందని తేలితే చాలా యాప్‌లు తలుపు మూసేస్తాయి. కప్పిపుచ్చే ఉపాయాలు ఉన్నాయి గానీ, ఈ నెల పారిన ఎత్తు వచ్చే నెల పారుతుందన్న భరోసా లేదు. కొన్ని ఫోన్లలో, సినిమాలు కాపీ కాకుండా కాపాడే వైడ్‌వైన్ అనే రక్షణ పై స్థాయి ఎల్1 నుంచి కింది స్థాయి ఎల్3కి పడిపోతుంది, ఇక డబ్బు కట్టిన ఓటీటీలో కూడా హెచ్‌డీ రాదు. శాంసంగ్‌లో బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే నాక్స్ అనే భద్రతా ఏర్పాటు ఫ్యూజు ఎగిరిపోతుంది. దాన్ని తిరిగి అతికించే దారి లేదు, రహస్యంగా ఫైళ్లు దాచుకునే సెక్యూర్ ఫోల్డర్ మీద ఆశ వదులుకోవలసిందే.

ఇదంతా వీడి చెవికి ఎక్కలేదు. ఎక్కించింది కారం దోసె. సాయంత్రం ఏడు రోడ్ల దగ్గర తిన్నాక, డబ్బు తానిస్తానని మిత్రుడు పట్టుబట్టి క్యూఆర్ కోడ్ ముందుకు వెళ్లాడు. చెల్లింపు యాప్ తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోయింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ అంతే. వెనక నలుగురు చిల్లర పట్టుకుని నిలబడ్డారు. "రాత్రి దాకా బాగానే ఉంది ఆంటీ" అన్నాడు, చెవులు ఎర్రబడ్డాయి పాపం. నేనే నోటు తీసి ఇచ్చాను.

"నచ్చకపోతే మళ్లీ తాళం వేసేస్తే పోలేదా?" అన్నాడు మావాడు దారిలో. బయటి సాఫ్ట్‌వేర్ ఉండగా తాళం వేస్తే చాలా ఫోన్లు అసలు లేవనే లేవవు, ముందు కంపెనీ సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించాలి అన్నాను. పైగా తెరిచిన ఫోను కాసేపు పరాయివాడి చేతికి చిక్కితే, కేబుల్ తగిలించి తనకు కావలసింది ఎక్కించి, ఏమీ ఎరగనట్టు తిరిగి ఇవ్వగలడు. ఆ తర్వాత మనం కొట్టే పిన్ ఎక్కడికి పోతుందో దేవుడికే ఎరుక.

బీరువాలో అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయిన నా పాత ఫోను ఉంది. సిమ్ లేదు, బ్యాంకు లేదు. ప్రయోగాలన్నీ దీని మీద చేసుకో అని ఇచ్చాను. ఇద్దరూ దానికి లీనేజ్‌ఓఎస్ అనే ఉచిత ఆండ్రాయిడ్ సాఫ్ట్‌వేర్ దొరుకుతుందా అని వెతుక్కుంటూ, దాంతోపాటు నా ఛార్జరు కూడా పట్టుకుపోయారు.