ఒకే ఒరలో రెండు సబ్‌లు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. డీజే ట్రాక్ మీద ట్రాక్ కలుపుతూ నడిపే చీకటి డబ్‌స్టెప్ సెట్‌లో సబ్ బేస్ (అన్నిటికంటే లోతైన బేస్) సంగతీ అంతే. 2000ల మొదట్లో దక్షిణ లండన్‌లోని క్రాయ్‌డన్ చుట్టుపక్కల రూపుదిద్దుకున్న ఈ సంగీతం 140 బీపీఎంలో, అంటే నిమిషానికి 140 బీట్లతో నడుస్తుంది. కానీ స్నేర్ డ్రమ్ దెబ్బ నాలుగు బీట్ల బార్‌లో మూడో బీట్ మీదే పడుతుంది కాబట్టి చెవికి 70లా అనిపిస్తుంది. మధ్యలో మిగిలే ఖాళీ అంతా 40-60 హెర్ట్జ్ సబ్‌దే.

50 హెర్ట్జ్ అలకు ఒక చుట్టు 20 మిల్లీసెకన్లు. రెండు ట్రాకుల్లో అదే నోటు మోగుతూ, ఒకటి 10 మిల్లీసెకన్లు వెనకబడిందా, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. హెడ్‌ఫోన్స్‌లో బీట్ కలిసినట్టే ఉంటుంది, డ్యాన్స్ ఫ్లోర్ మీద మాత్రం బేస్ మాయం! నోట్లు పక్కపక్కవైతే ఇంకో తంటా: ఒకటి 41.2, ఇంకోటి 43.7 హెర్ట్జ్ అయితే సెకనుకు రెండున్నర సార్లు బేస్ ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది.

అందుకే కొత్త ట్రాక్‌ని బేస్ నాబ్ పూర్తిగా తగ్గించాకే మిక్స్‌లోకి తేవాలి. ఫ్రేజ్ (కొన్ని బార్ల సంగీత భాగం) మొదటి బీట్ మీద వదిలితే 32 బార్లకు, అంటే సుమారు 55 సెకన్లకు, మార్పిడి సమయం వస్తుంది. ఆ బీట్ మీద పాతదాని బేస్ కిందకి, కొత్తదాని బేస్ పైకి, రెండు చేతులతో ఒకేసారి. హౌస్ సంగీతంలోలా మెల్లగా తిప్పుకుంటూ కూర్చుంటే మిగిలేది బురదే. మార్పిడికి ముందు ఒక్క బార్ అసలు బేస్ లేకుండా వదిలితే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. దీన్ని ప్రతి ట్రాక్‌కీ చేస్తే మాత్రం విసుగే.

గెయిన్ (ట్రాక్ శబ్ద స్థాయి) ఇంట్రో విని పెట్టొద్దు, డ్రాప్ (బేస్, డ్రమ్స్ ఒక్కసారిగా విరుచుకుపడే చోటు) విని పెట్టాలి. ఈ ట్రాకుల ఇంట్రోల్లో శబ్దం తక్కువ. వాటిని నమ్మితే డ్రాప్‌లో మీటర్ ఎర్రబడుతుంది, శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ ప్రతి సబ్ నోటుకీ మొత్తం శబ్దాన్ని కిందకి లాగుతుంది. టెంపో మార్పు రెండు మూడు శాతం లోపే అయితే కీ లాక్ (టెంపో మారినా శ్రుతి మారకుండా పట్టి ఉంచేది) తీసేయండి, సబ్ శుభ్రంగా ఉంటుంది.

డీజే బూత్‌లో వినిపించే బేస్‌ని నమ్మి ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దే నాబ్‌లు) ముట్టుకోవద్దు. 50 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 7 మీటర్లు, గోడ దగ్గర ఒకలా, గది మధ్యలో ఇంకోలా వినిపిస్తుంది. సౌండ్ చెక్‌లో బాగా తెలిసిన ట్రాక్ ఒకటి పెట్టి, ఇయర్‌ప్లగ్స్‌తో ఫ్లోర్ మధ్యకు నడిచి విని రండి.