నది ఇసుకలో దాక్కునే టేకు చేప

టేకు చేప (స్టింగ్‌రే) అనగానే మనకు సముద్రమే గుర్తొస్తుంది, కానీ దక్షిణ అమెరికాలో అమెజాన్, ఒరినోకో, పరానా నదుల మంచినీళ్లలోనే బతికే మోటోరో అనే టేకు ఉంది, నాకైతే అదంటే ప్రాణం. గోధుమరంగు వీపు మీద నల్ల అంచున్న నారింజ చుక్కలు, అచ్చం కళ్లలా. లోతు తక్కువ ఉన్నచోట ఇసుక కప్పేసుకుని పడుకుంటుంది, దానంతటది మన జోలికి రాదు. తొక్కితేనే తోక ఎత్తి కొడుతుంది. తోక మీదుండే ముల్లుకి రెండు వైపులా రంపం పళ్లు, పైన పల్చటి చర్మం, విషం ఉండేది ఆ చర్మంలోనే. గుచ్చుకోగానే అది చిరిగి విషం గాయంలోకి దిగుతుంది, నొప్పి భరించలేరు. అందుకే అక్కడ నీళ్లలో దిగితే పాదాలు ఇసుకలో ఈడ్చుకుంటూ నడవమంటారు, ఆ అలికిడికి అదే పక్కకి తప్పుకుంటుంది. పరానా నది మీదున్న ఇటైపు డ్యామ్ 1982లో నిండి, అదే నదిలోని గ్వైరా జలపాతాలు మునిగిపోయాక, అప్పటిదాకా ఆ అడ్డు దాటలేని ఈ చేపలు పరానా పైభాగానికి కూడా చేరాయి.