ముత్తాత ఊరు వెతుక్కుంటూ దుబ్బాక దాకా

మొన్ననే తిరిగొచ్చాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మాది సోలాపూర్, మగ్గం నేసే పద్మశాలీ కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఇంటిపేరు కాగితాల్లో యేముల్, అసలుకి వేముల. వేములవాడ నుంచి వచ్చాం కాబట్టే వేముల అయ్యామని మా నాన్న ఘంటాపథంగా చెప్పేవాడు. ముత్తాత నిజాం రాజ్యం నుంచి వచ్చి ఇక్కడి జునీ మిల్లు అనే బట్టల మిల్లులో చేరాడట. ఆ మిల్లు 1877 నాటిది. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు.

తాత బడి దాఖలా తేలిగ్గానే దొరికింది. కుల ధ్రువీకరణ కోసం మహారాష్ట్రలో అందరూ పాత దాఖలాలు తవ్వుతూనే ఉంటారు. కానీ పుట్టిన ఊరు గడిలో 'మొగలాయి' అని ఒక్క ముక్క! మరాఠీవాళ్లు నిజాం రాజ్యం మొత్తాన్నీ అలాగే అనేవారు. చివరికి మా పేటలో బాగా పెద్దాయన ఒకరు "మీవాళ్లు దుబ్బాక దిక్కువాళ్లు" అని ఊరి పేరుతో సహా చెప్పాడు.

1954-55 ఖాస్రా పహాణీలో, అంటే ఏ భూమి ఎవరిదో రాసిన పాత రెవెన్యూ రికార్డులో, పాత పేర్లన్నీ ఉంటాయని ఎవరో చెబితే, అక్కడి ఒక రెవెన్యూ ఆఫీసుకి వెళ్లాను. క్లర్కు తలెత్తకుండానే "సర్వే నంబరు?" అన్నాడు. తెలియదన్నాను. "ఎన్ని ఎకరాలు?" గుంట కూడా లేదన్నాను. "భూమి లేనోడికి పహాణీతోని ఏం పని?" అని నవ్వి, పక్కాయనతో "ధరణిల పోయిన భూమి కోసం వచ్చినట్టుండు" అన్నాడు. ధరణి అంటే తెలంగాణ సర్కారు తెచ్చిన ఆన్‌లైన్ భూరికార్డు. లైన్లో ఉన్నవాళ్లంతా నన్నే చూశారు. నా యాస విని ఒకాయన హిందీ అందుకున్నాడు. పుట్టినప్పటి నుంచీ తెలుగే మాట్లాడుతున్నవాణ్ణి!

మగ్గం నేసేవాడి ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల స్థలంలో ఉంటుంది. పొలం లేకపోతే పహాణీలో అతని పేరెక్కదు. ఈ ముక్క మర్యాదగా చెబితే ఆయన సొమ్మేం పోయేది?

నేను భూమి కోసం వచ్చానన్న మాట ఊళ్లోకి నాకంటే ముందే చేరింది. వేములవారి గడప దగ్గర నిలబడితే "భూమిల పాలు అడగనీకొచ్చినవా?" అంటూ ఆధార్ కార్డు చూపించమన్నారు. తిక్కరేగింది. తెల్లకాగితం తీసి, ఈ ఊళ్లో నాకుగానీ నా పిల్లలకుగానీ గుంట భూమి మీద కూడా హక్కు లేదని రాసి సంతకం పెట్టాను. ఇంటి పెద్దాయన దాన్ని మనవడితో రెండుసార్లు చదివించుకుని, మడిచి బనీను జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు పడింది కుర్చీ. గోత్రం అడిగారు, కలిసింది. లెక్కేస్తే ఆయన నాకు పెదనాన్న వరస.

ఇక ఆపకుండా చెప్పాడు. అన్నదమ్ములిద్దరిలో ముత్తాత చిన్నవాడు. నూలు కోసం సేఠు దగ్గర చేసిన అప్పు తీరక, మగ్గం వదిలేసి భార్యాబిడ్డలతో రాత్రికి రాత్రి ఊరు దాటాడు. "బాకీ మా తాత కట్టిండు బిడ్డా" అన్నాడు పెదనాన్న. ఏమనాలో తోచక చాయ్ తాగాను. వేములవాడ సంగతి అడిగితే "రాజన్నకు కోడె మొక్కు చెల్లిస్తం, గంతే. మనూరు ఇదే" అని తేల్చేశాడు.

పద్మశాలీలైతే ఆఫీసుల చుట్టూ తిరగకండి, కూనపులివారిని పట్టుకోండి. మార్కండేయ పురాణం పటం విప్పి చెప్పే ఆ కుటుంబాలకు తమ వంతు ఊళ్లలో గడపగడపా తెలుసు.

వంశవృక్షం నేనే గీశాను, మా బంధువుల్లో ఇంకెవరూ చేయని పని. అప్పు ఎగ్గొట్టి వచ్చిన సంగతి అందులో ఉండకూడదని చిన్నాన్న పట్టుబట్టాడు. రాసేశాను.